పురుడు పోసిన చేతుల కులం

నిజామాబాద్‌లో ఏటా జనవరి 3న సావిత్రిబాయి ఫూలే చిత్రపటానికి పూలదండ వేస్తాం. ఆమెను తొలి ఉపాధ్యాయురాలిగానే స్మరిస్తాం. బోధన్ చెరకు పల్లెల్లో మంత్రసానిగా బతికిన మాదిగ స్త్రీకి మనుమరాలినైన నాకు మాత్రం ఆమె జీవితంలోని మరో అధ్యాయమే ముందుగా గుర్తుకొస్తుంది.

1831లో సతారా ప్రాంతపు నాయ్‌గావ్‌లో, పూలతోటలు సాగుచేసే మాలీ శూద్రకులంలో ఆమె జన్మించారు. తొమ్మిదేళ్ల వయసులో జోతిబాతో వివాహమైంది. 1848లో ఆ దంపతులు పుణెలో బాలికల పాఠశాల తెరిచారు. 1863లో గర్భవతులైన బ్రాహ్మణ వితంతువుల కోసం తమ ఇంటనే ప్రసూతి ఆశ్రయం నెలకొల్పారు. బాల్యవివాహం, పునర్వివాహ నిషేధం కలిసి ఆ స్త్రీలకు ఆత్మహత్యనో శిశుహత్యనో మిగిల్చిన కాలమది. బిడ్డ చచ్చాక తల్లిని శిక్షించే చట్టం ఉన్నది. ఆమె కాన్పుకు చోటు చూపే రాజ్యం లేదు. ఆ చోటును శూద్ర స్త్రీ చూపింది. 1884 నాటికి 35 మంది అక్కడ ఆశ్రయం పొందారు. అలా పుట్టిన యశ్వంత్‌ను ఫూలే దంపతులు దత్తత తీసుకున్నారు. ఆ బిడ్డ వైద్యుడయ్యాడు. 1897 ప్లేగులో అతని చికిత్సాలయానికి రోగులను చేరవేస్తూ, అదే వ్యాధి సోకి, మార్చి 10న సావిత్రిబాయి కన్నుమూశారు.

ఆమె ఇంట్లో పురుడు మైల కాలేదు. మా నాయనమ్మకు మాత్రం అదే కులవృత్తి అయింది. తాను బొడ్డుకోసిన బిడ్డల ఇళ్లలోకి ఆమె మళ్లీ అడుగుపెట్టలేదు. దక్కింది తవ్వెడు జొన్నలు, ఒక పాత చీర.

నేడు ప్రసూతి సేవకు గౌరవం వచ్చింది. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణను నిర్దేశించాయి. 2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. ప్రమాణాలు, నమోదు అవసరమే. రక్తస్రావంతో తన చేతుల్లోనే పోయిన బాలింతలను తలచుకొని నాయనమ్మ చివరిదాకా ఏడ్చేది. కానీ మైలగా ఉన్నంతకాలం మాకు అంటగట్టిన పని, జీతమూ ధ్రువపత్రమూ వచ్చేసరికి మాకు అందనిదైతే, దాన్ని సంస్కరణ అనగలమా?

ఆ శిక్షణలో మంత్రసానుల కూతుళ్లకు, మనుమరాళ్లకు సీట్లు కేటాయించాలి. మిగిలిన వృద్ధ మంత్రసానులకు పింఛను ఇవ్వాలి. అప్పుడే జనవరి 3న వేసే పూలదండకు అర్థముంటుంది.