పరిశోధన నిధులకు పద్ధతి ఏర్పరచిన భట్నాగర్

న్యూఢిల్లీ: విశ్వవిద్యాలయాలలో పరిశోధన కోసం బయటి నుంచి వచ్చే సొమ్ము ఎవరి పేరున జమ కావాలి, దాని ఖర్చుపై ఎవరికి అధికారం ఉండాలి అన్న ప్రశ్నకు స్వాతంత్ర్యానికి పూర్వమే ఆచరణలో సమాధానం చూపిన వారిలో డాక్టర్ శాంతిస్వరూప్ భట్నాగర్ ఒకరు. జాతీయ ప్రయోగశాలల నిర్మాతగా ఆయన పేరు ప్రసిద్ధం. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘానికి (యుజిసి) తొలి అధ్యక్షుడు కూడా ఆయనేనన్న విషయం మాత్రం అంతగా ప్రస్తావనకు రాదు.

నేటి పాకిస్తాన్‌లోని భేరా పట్టణంలో 1894 ఫిబ్రవరి 21న భట్నాగర్ జన్మించారు. ఎనిమిది నెలల పసివాడుగా ఉండగానే తండ్రి మరణించడంతో మాతామహుల ఇంట, సికందరాబాద్‌లో పెరిగారు. ఇది మన సికింద్రాబాద్ కాదు, ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ జిల్లాకు చెందినది. లాహోర్‌లో చదువు ముగిశాక దయాళ్‌సింగ్ కళాశాల ట్రస్టు ఇచ్చిన ఉపకార వేతనంపై లండన్ వెళ్లారు. అక్కడ బ్రిటిష్ ప్రభుత్వ పరిశోధన శాఖ ఏడాదికి 250 పౌండ్ల ఫెలోషిప్ మంజూరు చేసింది. 1921లో డాక్టరేట్ పొంది స్వదేశం చేరి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మూడేళ్లు రసాయనశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. ఆ విశ్వవిద్యాలయ గీతాన్ని రచించినది కూడా ఈ రసాయన శాస్త్రవేత్తే.

1924లో లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయానికి మారి, రసాయన ప్రయోగశాలల డైరెక్టర్ అయ్యారు. ఆయన జీవితంలో ముఖ్యమైన ఘట్టం అక్కడే జరిగింది. రావల్పిండి ప్రాంతంలో చమురు బావులు తవ్వుతున్న ఎటాక్ ఆయిల్ కంపెనీకి ఒక చిక్కు ఎదురైంది. తవ్వకం సాగడానికి బావిలోకి పంపే బురద, భూగర్భంలోని ఉప్పు తగలగానే గట్టిపడి పనిని స్తంభింపజేస్తోంది. ఇది యంత్రాల లోపం కాదని, బురద రేణువుల రసాయన ప్రవర్తనకు సంబంధించినదని భట్నాగర్ గుర్తించారు. మన దేశంలోనే లభించే ఒక జిగురును కలిపితే బురద పలుచగా నిలుస్తుందని నిరూపించారు.

సంతోషించిన స్టీల్ బ్రదర్స్ సంస్థ, పెట్రోలియంపై పరిశోధనకు లక్షా యాభై వేల రూపాయలు ఇవ్వజూపింది. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. ఆ సొమ్మును విశ్వవిద్యాలయం ద్వారానే స్వీకరించాలని భట్నాగర్ నిర్ణయించారు. దానితో ఆయన పర్యవేక్షణలో పెట్రోలియం పరిశోధన విభాగం ఏర్పడింది. మైనానికి దుర్వాసన పోగొట్టడం, కిరోసిన్ దీపపు మంట ఎత్తు పెంచడం, బావులలో లోహం తుప్పు పట్టకుండా చూడడం వంటి అంశాలపై అక్కడ కృషి జరిగింది. కంపెనీ తన సాయం మొత్తాన్ని పెంచడమే కాక, అయిదేళ్ల గడువును పదేళ్లకు పొడిగించింది. ఇతర పరిశ్రమల నుంచి రాగల వ్యక్తిగత ప్రతిఫలాన్ని సైతం ఆయన నిరాకరించి, విశ్వవిద్యాలయ ప్రయోగశాలలకు మళ్లించారు. సొమ్ము ఆచార్యుని చేతికే వచ్చి ఉంటే ఆయన బదిలీతోనే పని ఆగిపోయేది. విశ్వవిద్యాలయానికి చేరినందున అది ఒక విభాగంగా రూపొందింది.

ఇదే సూత్రాన్ని ప్రభుత్వ స్థాయిలో అమలుచేసే అవకాశం యుద్ధకాలంలో వచ్చింది. వైస్రాయ్ మండలిలో వాణిజ్య సభ్యుడు సర్ ఆర్కాట్ రామస్వామి మొదలియార్ చొరవతో 1940 ఏప్రిల్‌లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన బోర్డు ఏర్పడింది. సాలుకు అయిదు లక్షల రూపాయల పద్దుతో భట్నాగర్ దాని డైరెక్టర్‌గా నియమితులయ్యారు. పరిశ్రమలు చెల్లించే రాయల్టీలు ఖజానాలో కలిసిపోకుండా, మళ్లీ పరిశోధనకే ఉపయోగపడే ప్రత్యేక నిధిగా ఉండాలన్న వాదనకు ఆయన ప్రభుత్వాన్ని ఒప్పించారు. 1941 నవంబర్‌లో కేంద్ర శాసనసభ అయిదేళ్లపాటు ఏటా పది లక్షల రూపాయలు కేటాయించడానికి అంగీకరించింది. మరుసటి ఏడాది సిఎస్ఐఆర్ ఆవిర్భవించింది. దానిని సర్కారీ శాఖగా కాక, సొసైటీల చట్టం కింద రిజిస్టరైన స్వతంత్ర మండలిగా నెలకొల్పడం గమనార్హం.

ఈ కథకు మరో పార్శ్వమూ ఉంది. 1950 నుంచి పుణే, ఢిల్లీ తదితర చోట్ల జాతీయ ప్రయోగశాలలు వరుసగా ప్రారంభమయ్యాయి. పరిశోధన విశ్వవిద్యాలయాలకు దూరం కారాదని వాదించిన వారిలో మేఘనాథ్ సాహా అగ్రగణ్యులు. నిధులు, నిపుణులు ప్రయోగశాలల వైపు తరలితే బోధన బలహీనపడుతుందన్న ఆ ఆందోళనను తోసిపుచ్చలేము. లాహోర్‌లో విశ్వవిద్యాలయం పక్షాన నిలిచిన వ్యక్తి చేతులమీదుగానే ఈ మార్పు జరగడం విచిత్రం.

ఆంధ్ర విశ్వవిద్యాలయ మాజీ ఉపాధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్, విశ్వవిద్యాలయాలకు నిధులు పంచే సంఘం అవసరమని సూచించింది. తదనుసారం 1953 డిసెంబర్ 28న మౌలానా ఆజాద్ యుజిసిని ప్రారంభించగా భట్నాగర్ అధ్యక్షులయ్యారు. అప్పటికి ఆయన సిఎస్ఐఆర్ బాధ్యతలు కూడా మోస్తున్నారు. ఒకే వ్యక్తిపై ఇంత భారం మోపడం సమంజసమా అన్నది వేరే చర్చ. కొత్త సంఘంలో ఆయనకు దక్కిన కాలం ఏడాది మాత్రమే. 1955 జనవరి 1న గుండెపోటుతో మరణించారు. యుజిసికి పార్లమెంటు చట్టం ద్వారా ప్రతిపత్తి 1956లో లభించింది. రిజర్వు బ్యాంకు గవర్నర్‌గా, కేంద్ర ఆర్థిక మంత్రిగా పనిచేసిన సి.డి. దేశ్‌ముఖ్ ఆ ఏడాది అధ్యక్ష బాధ్యతలు స్వీకరించారు.