శ్రీనివాస రామానుజన్ గణిత సాధన

పరీక్షలు సమీపించగానే విద్యార్థులలో ఎక్కువమందిని కలవరపెట్టే విషయం గణితం. సూత్రాలన్నీ కంఠస్థమై ఉన్నా, లెక్క ఎదురుగా నిలిచేసరికి చేయి సాగదు. ఇంటివద్ద సులువుగా వచ్చిన లెక్క పరీక్షాశాలలో రాదు. ఈ కలవరానికి విరుగుడు ఏమిటో తెలుసుకోగోరే విద్యార్థులకు శ్రీనివాస రామానుజన్ జీవితం చక్కని పాఠ్యగ్రంథం వంటిది. ఆయన ప్రతిభను అనుకరించడం ఎవరికీ సాధ్యం కాదు. కాని ఆయన అభ్యాసం చేసిన తీరును అనుసరించవచ్చు. ఆయనకు కష్టనష్టాలు తెచ్చిపెట్టిన అలవాట్లను గుర్తించి దూరం చేసుకోవచ్చు. ఆయన జీవితంలో ఈ రెండూ ఉన్నాయి. మొదటిదానిని అందరూ చెప్పుకుంటారు. రెండవదానిని చాలామంది విడిచిపెడతారు.

బాల్యం, పాఠశాల విద్య

రామానుజన్ 1887వ సంవత్సరం డిసెంబరు 22వ తేదీన ఈరోడ్ పట్టణంలో మాతామహుల ఇంట జన్మించారు. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ కుంభకోణంలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయంలో భజనలు పాడేవారు. సారంగపాణి స్వామి ఆలయం ముందటి వీధిలో వారి చిన్న ఇల్లు. సంపద లేని సంసారం. చదువు మీద గౌరవం ఉన్న సంసారం.

1897లో జరిగిన ప్రాథమిక పరీక్షలో రామానుజన్ తంజావూరు జిల్లాలోనే ప్రథములుగా నిలిచారు. మరుసటి సంవత్సరం కుంభకోణం టౌన్ హైస్కూలులో చేరారు. కళాశాల స్థాయికి చెందిన లోనీ త్రికోణమితి గ్రంథాన్ని పదమూడేండ్ల ప్రాయానికే స్వయంగా సాధించారు. లెక్కల పరీక్షను ఇచ్చిన కాలంలో సగానికే ముగించి లేచేవారని చెబుతారు. ఆ వేగం పుట్టుకతో వచ్చిన వరమేనని సరిపెట్టుకోవడం తేలిక. కాని ఆ వేగం వెనుక ఉన్న అభ్యాసాన్ని పరిశీలించినప్పుడే విద్యార్థికి ప్రయోజనం.

కార్ గ్రంథం - పలక మీది సాధన

1903లో, పదహారవ ఏట, రామానుజన్ చేతికి ఒక గ్రంథం వచ్చింది. దానిని కూర్చిన జి.ఎస్. కార్ లండన్‌లో విద్యార్థులకు ప్రైవేటుగా గణితం బోధించి, వారిని పరీక్షలకు సిద్ధం చేసిన ఉపాధ్యాయుడు. బీజగణితం, త్రికోణమితి, కలన గణితం మొదలైన శాఖలలోని సుమారు ఐదువేల ఫలితాలను ఆయన వరుస సంఖ్యలు వేసి అందులో పొందుపరిచారు. చాలా ఫలితాలకు నిరూపణ లేదు. ఉన్నచోట కూడా అది సూచనమాత్రమే. నేటి విద్యార్థులకు తెలిసిన మాటలో చెప్పాలంటే అది ఒక పెద్ద గైడు.

అటువంటి పుస్తకం దొరికితే సామాన్య విద్యార్థి చేసే పని వల్లెవేయడం. రామానుజన్ ఆ పని చేయలేదు. ప్రతి ఫలితాన్నీ ఒక ప్రశ్నగా భావించి, అది ఎందుకు నిజమో తానే తేల్చుకోవడానికి పూనుకున్నారు. ఒకటి తేలితే దానినుండి మరొకటి, దానినుండి ఇంకొకటి పుట్టుకొచ్చేవి. పుస్తకంలో లేని ఫలితాలు కూడా ఆ దారిలోనే ఆయనకు లభించాయి. గ్రంథం ఒక్కటే, దానిని కంఠస్థం చేసినవారు పరీక్ష ముగియగానే మరచిపోయి ఉండవచ్చును, దానిని సాధించిన రామానుజన్ గణిత చరిత్రలో నిలిచిపోయారు.

కాగితం ఖరీదైన వస్తువు కనుక ఆయన పలక మీదనే లెక్కలు చేసేవారు. ఇంటి అరుగు మీద కూర్చుండి, బలపంతో వ్రాసి, నిండిన పలకను మోచేతితో తుడిచి మళ్లీ వ్రాసేవారు. గుడ్డతో తుడిస్తే ఆలోచనకు ఆటంకమని ఆయన భావన. అలా తుడిచి తుడిచి మోచేయి నల్లబడిపోయింది. చివరకు తేలిన ఫలితాన్ని మాత్రమే నోటు పుస్తకంలోకి ఎక్కించేవారు. ఫలితం నిలిచింది, దానికి చేర్చిన సోపానాలు పలకతోపాటు తుడిచిపెట్టుకుపోయాయి. ఈ ఒక్క అలవాటు ఆయనను చాలాకాలం వెంటాడింది.

పరీక్షలలో పరాజయం

1904లో టౌన్ హైస్కూలు చదువు ముగించేనాటికి రామానుజన్ గణితంలో రంగనాథరావు బహుమతి పొందారు. ఉపకార వేతనంతో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరారు. అక్కడినుండి కథ మారిపోయింది. ఏ తరగతిలో కూర్చున్నా మనస్సు గణితం మీదనే. తక్కిన పాఠాలు నిర్లక్ష్యానికి గురయ్యాయి. ఆంగ్ల వ్యాసరచనలో తప్పినందువలన ఉపకార వేతనం పోయింది. జీతం కట్టే శక్తి తండ్రికి లేదు. 1905లో పదిహేడేండ్ల ఆ బాలుడు ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి విశాఖపట్టణం చేరుకున్నారు. కొడుకు కోసం తల్లిదండ్రులు పడిన ఆవేదన ఎవరైనా ఊహించుకోగలిగినదే.

తిరిగి వచ్చిన తరువాత 1906లో మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఎఫ్.ఏ. తరగతిలో చేరారు. అక్కడ బోధనాంశాలలో శరీరధర్మ శాస్త్రం ఒకటి. ఆ పాఠం ఆయనకు బొత్తిగా రుచించలేదు. నడుమ అనారోగ్యం కూడా తోడై చదువుకు అంతరాయం కలిగింది. ఆ సంవత్సరం పరీక్షలో తప్పారు. 1907లో ప్రైవేటుగా మళ్లీ కూర్చుండి మళ్లీ తప్పారు. ప్రపంచం అబ్బురపడిన గణితజ్ఞుని చదువు పట్టం లేకుండానే ఆగిపోయింది.

పరీక్షా విధానానిదే లోపమని ఇక్కడ కొందరు వాదిస్తారు. ఆ వాదంలో కొంత నిజం లేకపోలేదు. కాని ఆ లోపానికి మూల్యం చెల్లించినది విధానం కాదు, రామానుజన్. తరువాతి మూడు నాలుగేండ్లు ఆయన ట్యూషన్లు చెబుతూ, మిత్రుల ఇండ్లలో తలదాచుకుంటూ గడిపారు. పాఠ్యప్రణాళికను దాటి ఎక్కడికో వెళ్లిపోయే ఉపాధ్యాయుడు పరీక్షకు చదివే పిల్లలకు సరిపడలేదు. ఆ ట్యూషన్లు కూడా నిలువలేదు. 1909లో జానకీ అమ్మాళ్‌తో వివాహమైంది. బ్రతుకుతెరువు తప్పనిసరి అయింది.

ఆదరించినవారు, అడిగినవారు

1910లో రామానుజన్ తన నోటు పుస్తకాలను చేతబట్టుకొని తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్‌ను దర్శించారు. భారత గణిత సంఘాన్ని స్థాపించిన ఆయన ఆ పుటల విలువను గుర్తించారు. ఆ పరిచయాల వలన నెల్లూరు కలెక్టరు దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావుగారి వద్దకు చేరారు. మొదట సందేహించిన రామచంద్రరావుగారు, తెలిసిన లెక్కలతో మొదలుపెట్టి మెల్లగా తెలియనివాటివైపు రామానుజన్ వివరించుకొంటూ పోగా, విషయం గ్రహించి నెలకు 25 రూపాయలు ఇచ్చి ఆదుకున్నారు.

1911లో భారత గణిత సంఘం పత్రికలో రామానుజన్ ఒక ప్రశ్న ప్రకటించారు. వర్గమూలంలో వర్గమూలం, దానిలో మరొక వర్గమూలం, ఇలా అంతులేకుండా సాగే ఒక రాశి విలువ ఎంత అన్నది ఆ ప్రశ్న. నెలలు గడిచినా సమాధానం రాలేదు. చివరకు ఆయనే చెప్పారు. జవాబు 3. హైస్కూలు విద్యార్థి కూడా దాని కీలకాన్ని పట్టుకోగలడు. 3 అంటే √9. అది √(1 + 2 × 4). అందులోని 4 అంటే √16. అది √(1 + 3 × 5). అందులోని 5 అంటే √(1 + 4 × 6). ఇలా ఎంతదూరమైనా పోవచ్చు. జవాబు మాత్రమే చూస్తే అద్భుతం. సోపానాలు చూస్తే అర్థమయ్యే పాఠం.

1912 మార్చి 1వ తేదీన ఆయన మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతం మీద గుమాస్తాగా చేరారు. అక్కడి చీఫ్ అకౌంటెంటు ఎస్. నారాయణ అయ్యర్ స్వయంగా గణితం తెలిసినవారు. సాయంకాలాలు ఇద్దరూ చెరొక పలక పట్టుకొని కూర్చునేవారు. రామానుజన్ ఒక పంక్తినుండి తరువాతి పంక్తికి దూకే దూరం నారాయణ అయ్యర్‌కు కూడా అందేది కాదు. తనకే అర్థం కాని సోపానాలను ఇతరులు ఎలా గ్రహిస్తారని ఆయన నచ్చజెప్పి, రెండు పంక్తుల నడుమ మరికొన్ని పంక్తులు వ్రాయించేవారు. రామానుజన్‌కు ఆ దశలో లభించిన ఉపకారాలలో ఇది చిన్నది కాదు.

కేంబ్రిడ్జిలో నేర్చుకున్నది

1913 జనవరి 16వ తేదీన రామానుజన్ కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాల ఆచార్యుడు జి.హెచ్. హార్డీకి ఉత్తరం వ్రాసి, దానితో తన ఫలితాలను పంపారు. హార్డీ వాటి గొప్పతనాన్ని గుర్తించారు. గుర్తించి, వెంటనే కోరినది నిరూపణలు. ఆ ఫలితాలలో చాలా భాగం అపూర్వమైనవి. కాని ప్రధాన సంఖ్యలను గురించి రామానుజన్ చెప్పినవి కొన్ని సరికాదని తేలింది. చిన్న సంఖ్యలకు సరిపోయినట్లు కనిపించిన సూత్రం పెద్ద సంఖ్యలకు నిలువలేదు. అంతటి మేధావికి సైతం, నిరూపణ లేనిచోట పొరపాటు దాగి ఉండగలదన్నమాట.

ఆ ఏడు మేలో మద్రాసు విశ్వవిద్యాలయం, పట్టం లేకపోయినప్పటికీ, ఆయనకు నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం మంజూరు చేసింది. 1914 మార్చి 17వ తేదీన ఆయన ఇంగ్లండుకు ఓడ ఎక్కారు. అక్కడ ఆయన సహజశక్తికి భంగం కలుగకుండా, నిరూపణ పద్ధతిని అలవరచే బాధ్యతను హార్డీ, ఆయన సహచరుడు లిటిల్‌వుడ్ వహించారు. ఇరవై ఆరేండ్ల వయస్సులో, పేరు పొందిన తరువాత, రామానుజన్ మళ్లీ విద్యార్థి అయ్యారు. ఎఫ్.ఏ. తప్పిన ఆయన 1916లో కేంబ్రిడ్జిలో పరిశోధన ద్వారా బి.ఏ. పట్టం పొందారు.

ఒక సంఖ్యను ఎన్ని విధాలుగా కూడికగా వ్రాయవచ్చునన్న ప్రశ్నకు హార్డీ, రామానుజన్ కలసి 1918లో ఒక సూత్రం ప్రకటించారు. 4ను 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1 అని ఐదు విధాలుగా వ్రాయవచ్చు. 200కు వచ్చేసరికి ఆ లెక్క 39,72,99,90,29,388 అవుతుంది. మెక్‌మాన్ అనే గణితజ్ఞుడు శ్రమపడి చేతితో గుణించి తెచ్చిన సంఖ్యతో వారు తమ సూత్రాన్ని సరిచూసుకున్నారు. నిరూపణ ఉన్నా, జవాబును మరొక మార్గాన సరిచూసుకోవడం మానలేదు.

1918లో రామానుజన్ రాయల్ సొసైటీ ఫెలోగానూ, అదే సంవత్సరం ట్రినిటీ కళాశాల ఫెలోగానూ ఎన్నికయ్యారు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతిన్నది. శీతల దేశం, యుద్ధకాలంలో శాకాహారానికి కటకట, వేళాపాళా లేని భోజనం, నిద్ర ఆయనను క్రుంగదీశాయి. 1919లో స్వదేశానికి తిరిగి వచ్చి, 1920 ఏప్రిల్ 26వ తేదీన మద్రాసు చేట్‌పట్‌లో ముప్పది రెండేండ్లకే కన్నుమూశారు. చివరి నెలలలో కూడా మంచంమీదనే లెక్కలు వ్రాస్తూనే ఉన్నారు.

ఆయన నోటు పుస్తకాలలో మూడువేలకు పైబడిన ఫలితాలు మిగిలాయి. పలక మీద చెరిగిపోయిన సోపానాలను తిరిగి కట్టడానికి తరువాతి గణితజ్ఞులకు దశాబ్దాలు పట్టింది. అమెరికా ఆచార్యుడు బ్రూస్ బెర్న్‌డ్ట్ ఆ నిరూపణలను 1985 నుండి 1998 వరకు ఐదు సంపుటాలుగా వెలువరించారు.

విద్యార్థులు గ్రహింపదగినది

ఈ జీవితం గణిత పరీక్షకు సిద్ధమయ్యే విద్యార్థికి చెప్పేది స్పష్టంగానే ఉన్నది. సాధించిన లెక్కను పుస్తకంలో చదవడం లెక్క చేయడం కాదు. పుస్తకం మూసి, ఖాళీ కాగితం మీద మొదటి పంక్తినుండి చివరి పంక్తివరకు స్వయంగా చేయగలిగినప్పుడే ఆ లెక్క వచ్చినట్లు. సూత్రం ఎలా వచ్చిందో ఒక్కసారైనా రాబట్టి చూసినవారు, పరీక్షాశాలలో అది మరపునకు వస్తే మళ్లీ రాబట్టుకోగలరు.

సోపానాలను మనస్సులో దాచుకోరాదు. దిద్దేవారికి కనిపించేది కాగితమే. జవాబు తప్పినా సరియైన సోపానాలకు మార్కులు దక్కుతాయి. సోపానాలు లేని జవాబు సరియైనదైనా సందేహం మిగులుతుంది. తప్పిన లెక్కలను తుడిచివేయక, ఎక్కడ తప్పిందో గుర్తు పెట్టుకొని వేరొక నోటు పుస్తకంలో మళ్లీ చేయాలి. నారాయణ అయ్యర్ వంటి తోటి విద్యార్థి ఒకరికి లెక్కను వివరించి చూడాలి. ఎక్కడ మాట తడబడుతుందో అక్కడ తనకు తెలియనిది ఉన్నదని తెలుస్తుంది. వచ్చిన జవాబును మరొక మార్గాన సరిచూడాలి.

అన్నిటికంటె ముఖ్యం, ఇష్టమైన విషయం కొరకు ఇష్టం లేని విషయాన్ని బలిపెట్టరాదు. మాతృభాషలో చదువుకొనే పిల్లలకు అన్యభాషా పత్రం భారమనిపించడం సహజమే. కాని రామానుజన్ ఉపకార వేతనాన్ని పోగొట్టినది గణితం కాదు, ఆంగ్ల వ్యాసం. దినానికి అరగంట ఆ పాఠానికి కేటాయించి ఉంటే ఆయన పడిన కష్టాలలో కొన్నయినా తప్పి ఉండేవేమో. ఆయనకు చేయూత ఇవ్వడానికి ఒక రామచంద్రరావు, ఒక హార్డీ దొరికారు. అటువంటివారు అందరికీ దొరకరు. ప్రతి విద్యార్థికీ తప్పక దొరికేవి సమయం, కాగితం, కలం. వాటిని క్రమంగా, ఓర్పుగా వినియోగించుకోవడమే రామానుజన్‌కు విద్యార్థులు సమర్పించగల నివాళి.