మోక్షగుండం విశ్వేశ్వరయ్య

గిద్దలూరు ప్రాంతపు పిల్లలలో కంభము చెరువు పేరు విననివారు ఉండరు. కొండల నడుమ గుండ్లకమ్మను నిలిపిన ఆ కట్టకు అనతిదూరముననే, బేస్తవారిపేట సమీపమున, మోక్షగుండమను గ్రామము కలదు. ఆ గ్రామనామమునే ఇంటిపేరుగా ధరించిన యొక తెలుగు కుటుంబము పూర్వము మైసూరు సీమకు వలసపోయెను. ఆ వంశమున 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ముద్దేనహళ్లిలో విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి.

చిన్నతనముననే తండ్రి గతించెను. ఆయన పిల్లలకు పాఠములు చెప్పి, ఆ రాబడితో బెంగుళూరులో పట్టపరీక్ష ముగించిరి. పిదప పూనాలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వోద్యోగమున ప్రవేశించిరి.

నీటిని నిలుపుట యనగా బరువును నిలుపుటయే. లోతు పెరిగినకొలది నీరు గోడను మరింత గట్టిగా నెట్టును. దానికి తాళుటకై కట్టడము తనలో పుట్టించుకొను బలమును వైశాల్యముచే భాగింపగా వచ్చునది ప్రతిబలము. అది హద్దు మీరినచో కట్ట పగులును. కనుకనే 1903లో పూనా చెంతనున్న ఖడక్‌వాస్లా జలాశయమునకు ఆయన తాము కల్పించిన తలుపులను అమర్చిరి. నీరు నియమిత మట్టమును దాటగానే అవి వాటంతట అవియే తెరచుకొని, మట్టము తగ్గగానే మూసికొనును. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచిన పిదప రక్షణోపాయములు సూచించినవారును ఆయనయే.

అన్నిటిని మించినది కావేరిపై కృష్ణరాజసాగరము. 1911లో పని ఆరంభమయ్యెను. సున్నమును ఇటుకపొడిని కలిపిన సుర్కీ గారతో రాళ్లు కట్టిరి. కట్ట యెత్తు 130 అడుగులు. ఆనాటి లెక్కలు అడుగులలో, పౌనులలో సాగినవి. మన దేశమున మెట్రిక్ కొలతల చట్టము 1956లో గాని రాలేదు.

ఆ లెక్కను మన కొలతలలో చేసి చూతము. 130 అడుగులు సుమారు 40 మీటర్లు. నీరు అంచుదాక నిలిచినదనుకొనుడు. ఘనమీటరు నీరు 1,000 కిలోగ్రాములు గనుక అడుగున చదరపు మీటరుపై 40,000 కిలోగ్రాముల బరువుండును. అనగా చదరపు సెంటీమీటరుకు 4 కిలోగ్రాములు. కిలోగ్రాము బరువు 9.81 న్యూటనులు, చదరపు సెంటీమీటరులో 100 చదరపు మిల్లీమీటర్లు. కావున 4ను 9.81చే హెచ్చించి 100చే భాగింపగా, చదరపు మిల్లీమీటరుకు సుమారు 0.39 న్యూటను వచ్చును. చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటను పది లక్షల పాస్కలులు. పాస్కల్ అను ఈ పేరు 1971లో అంతర్జాతీయముగా స్థిరపడినది. ఒత్తిడికిని ప్రతిబలమునకును కొలత ఒక్కటే.

స్థూలముగా ఇది పదింటి లెక్క. ఆ పదిని మరచినవాడు, చదరపు సెంటీమీటరుకు 20 కిలోగ్రాములు మాత్రమే ఓర్చు గారను చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటనులు ఓర్చునని తలచి, పదిరెట్ల బరువు మోపును. కాగితముపై తప్పినది ఒక చుక్కయే. కట్ట దిగువనున్నవి ఊళ్లు!

విశ్వేశ్వరయ్యగారు 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా నుండిరి. 1955లో భారతరత్న బిరుదము పొందిరి. నూరేండ్లు నిండిన పిదప 1962 ఏప్రిల్ 14న బెంగుళూరులో కన్నుమూసిరి. కృష్ణరాజసాగరమున నీటిమట్టమును నేటికిని అడుగులలోనే చెప్పుచున్నారు.