అతిథిగా వెళ్లి ఆచార్య పీఠం అధిరోహించిన రాధాకృష్ణన్

విశాఖపట్నం: విదేశాలలో విద్యనభ్యసించకుండానే విదేశీ విశ్వవిద్యాలయాలకు తత్వశాస్త్రం బోధించిన మహనీయుడు డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. 1931 నుంచి 1936 వరకు ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా సేవలందించారు.

1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో జన్మించిన ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు. వేదాంతంలో నీతికి స్థానం లేదన్న మిషనరీల విమర్శ ఆ విద్యార్థి మనసును కలచివేసింది. 1908లో వేదాంత నీతిపై సమర్పించిన ఎం.ఏ. పరిశోధన వ్యాసం ఆయన ఇచ్చిన తొలి సమాధానం.

ఆ సమాధానాన్ని విమర్శకుల నేలపైనే వినిపించే అవకాశం 1926లో లభించింది. అప్పటికి ఆయన కలకత్తా విశ్వవిద్యాలయ ఆచార్యులు. ఆక్స్‌ఫర్డ్‌లోని క్రైస్తవ విద్యాసంస్థ మాంచెస్టర్ కళాశాల ఆయనను ఆప్టన్ ఉపన్యాసాలకు ఆహ్వానించింది. ఖండనకు పూనుకోకుండా, పాశ్చాత్య తత్వవేత్తల పరిభాషలోనే హిందూ జీవన దృక్పథాన్ని ఆయన విశదీకరించారు. ఆ ప్రసంగాలే 1927లో ‘ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్’ గ్రంథంగా వెలువడ్డాయి. 1926లోనే అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలోనూ ఉపన్యసించారు.

అతిథి ఆచార్యుని బాధ్యత కొన్నాళ్లు పాఠాలు చెప్పి రావడంతో తీరదు. తన సంప్రదాయాన్ని ఎరుగనివారికి దానిని గౌరవంతో, తర్కబద్ధంగా పరిచయం చేయాలి. వారి ఆలోచనను కూడా శ్రద్ధగా చదివి ఉండాలి. రాధాకృష్ణన్ ఈ రెండింటినీ నెరవేర్చారు. అందుకే 1936లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆయనను ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రాల స్పాల్డింగ్ ఆచార్యునిగా నియమించింది. 1952 వరకు ఆ పీఠం ఆయనదే.

అనంతరం ఉప రాష్ట్రపతి, రాష్ట్రపతి పదవులను అలంకరించి 1975 ఏప్రిల్ 17న కన్నుమూశారు. దేశం మాత్రం ఆయన జన్మదినాన్ని నేటికీ ఉపాధ్యాయ దినోత్సవంగానే జరుపుకొంటోంది.