ఫోలిక్ యాసిడ్ వెనక మన భీమవరం డాక్టరు

కడుపుతో ఉన్నామని తెలియగానే డాక్టరమ్మ రాసిచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర మనకు కొత్తేం కాదు. 1940లలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించింది ఎల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టాడు. చదువంటే గిట్టక కాశీ వెళ్లి అరటిపండ్లు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోయిన పిల్లాడు! తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించింది. మెట్రిక్ రెండుసార్లు తప్పాడు. తర్వాత సన్యాసం పుచ్చుకుంటానంటే ఆవిడ ససేమిరా అంది. ఆ తల్లి మొండితనం లేకపోతే మనకీ కథే లేదనిపిస్తుంది నాకు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. ఆ జబ్బుకు పనికొచ్చే మందుల్లో ఫోలిక్ యాసిడ్ ఒకటి.

1919లో శేషగిరితో పెళ్లయింది. 1922లో బోస్టన్ ఓడెక్కాడు. పసిబిడ్డా దక్కలేదు, భర్తా తిరిగి రాలేదు. ఎంత గొప్పవాడైనా, ఆమె వైపు నుంచి చూస్తే నా మనసు కలుక్కుమంటుంది.

అక్కడ రాత్రిళ్లు ఆస్పత్రిలో ఊడిగం, పగలు హార్వర్డ్‌లో చదువు. 1929లో ఫిస్కేతో కలిసి, కణానికి శక్తినిచ్చే ఏటీపీని బయటపెట్టాడు. జర్మనీలో లోమాన్ కూడా అప్పుడే కనుక్కున్నాడు. అయినా హార్వర్డ్ పర్మనెంటు ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరాడు.

ఇక్కడ కాస్త సైన్సు. ఒంట్లో ప్రొటీను తయారవడమంటే పూసలదండ గుచ్చడం లాంటిది. మొదటి పూసను సరైన చోట కూర్చోబెట్టడానికి కొన్ని ప్రత్యేక ప్రొటీన్లుంటాయి. పూసల్ని సిద్ధం చేయడానికి ఏటీపీ కావాలి. బాక్టీరియాలోనైతే మొదటి పూసకు తగిలించే ఫార్మైల్ అనే చిన్న ముక్క ఫోలిక్ యాసిడ్ రూపాంతరం నుంచే వస్తుంది. ఈ సంగతి 1964 తర్వాత గానీ తేలలేదు. సుబ్బారావు బృందం తెచ్చిన ఆరియోమైసిన్ చేసేదేమిటంటే, బాక్టీరియాలో తర్వాతి పూసలు రాకుండా అడ్డుపడడం.

ఫోలిక్ యాసిడ్‌కు కొద్దిగా మార్పు చేస్తే అదే దానికి శత్రువవుతుంది. అలా వచ్చిన అమైనోప్టెరిన్‌తో బోస్టన్‌లో ఫార్బర్ రక్తకేన్సరు పిల్లలకు వైద్యం మొదలెట్టాడు. దాని చెల్లెలే మెథోట్రెక్సేట్. పంజాగుట్ట నిమ్స్‌లో కీళ్లవాతానికి చూపించుకుని, అమీర్‌పేటలో మందులు కొనుక్కెళ్లే అక్కల చీటీల్లో మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ పక్కపక్కనే కనిపిస్తుంటాయి. మొదటిది వారానికి ఒక్కసారే, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. గోదావరి జిల్లాల్లో బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్ కూడా ఆయన ప్రయోగశాల మందే.

నోబెల్ రాలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, న్యూయార్క్ రాష్ట్రంలోని ఇంట్లో నిద్రలోనే కన్నుమూశాడు. ఆరియోమైసిన్ లోకానికి పరిచయమైంది ఆ ఏడాదే.