ఇద్దరే యెరిగిన రాజ్యము

వుదరింగ్ హైట్స్ నవలాకర్త్రి ఎమిలీ బ్రాంటీ 1818లో ఇంగ్లాండున జన్మించెను. 1826లో ఆమె తండ్రి, హావర్త్ గ్రామ మతాచార్యుడు, కుమారునికై ఒక పెట్టెడు కొయ్యసిపాయిలను తెచ్చెను. నలుగురు పిల్లలును తలకొక సిపాయిని ఎన్నుకొని, పేర్లిడి, రాజ్యములు కల్పించిరి. ఒకరల్లిన కథను మరియొకరు పొడిగించుచుండిరి. అన్న, అక్కల పెత్తనము గిట్టకనేమో, ఎమిలీ చెల్లెలు ఆన్‌తో వేరుపడి, పసిఫిక్ సముద్రమున గొండాల్ అను ద్వీపమును సృష్టించుకొనెను.

ఆ యాట బాల్యముతో ముగియలేదు. 1845లో యార్కు నగర యాత్రలో, 26 ఏండ్ల ఎమిలీయు ఆన్‌యు, తప్పించుకొని పోయి రాజపక్షమున చేరు గొండాల్ వీరులుగ నటించిరి. 1846లో కవితలు అచ్చొత్తించునపుడు మాత్రము ఎమిలీ గొండాల్ గుర్తులను తొలగించెను. మరుసటి యేడు నవల వెలువడెను. 1848 డిసెంబరు 19న, 30 ఏండ్ల ప్రాయమున ఆమె కన్నుమూసెను.

పద్యములు మిగిలినవి, గొండాల్ వచనకథలు దక్కలేదు. ఆ పద్యములలో ఎవరు ఎవరికై విలపించుచున్నారో సంపూర్ణముగ ఎరిగినది ఇక ఆన్ ఒక్కతెయే. ఆమెయు 1849 మే నెలలో మరణించెను.