అప్పును బాధ్యతగా నేర్పిన రైఫైజెన్ గారు

పంట ఇల్లు చేరకముందే అప్పులవాడు కళ్లములో నిలుచుట మన మెరిగినదే. జర్మనీ దేశపు రైతులకును ఒకప్పుడు ఇదే గతి.

ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్ గారు 1818లో అక్కడి హామ్ అను ఊరిలో జన్మించిరి. ఆయన భక్తిగల ప్రొటెస్టెంటు విశ్వాసి. 1845లో వైయెర్బుష్ ప్రాంతపు గ్రామములకు మేయరైరి. మరుసటి యేట పంటలు పోయి కరవు రాగా, కలిగినవారియొద్ద సొమ్ము కూర్చి పేదలకు అరువుమీద రొట్టె ఇప్పించిరి. 1849లో ఫ్లామర్స్‌ఫెల్డునందు, రైతులకు పశువులను కొనియిచ్చి వాయిదాలలో తీర్చుకొననిచ్చు సంఘమును స్థాపించిరి.

అయితే కలిగినవారి దయమీదనే ఆనుకొనిన సహాయము కొంతకాలమునకు సన్నగిల్లెను. అందుచేత 1864లో హెడ్డెస్‌డార్ఫులో అప్పు తీసికొనువారే సభ్యులుగా సంఘ మేర్పడెను. ఒకడు తీర్చనియెడల అందరును బాధ్యులే. కనుక అప్పు ఎందుకు, ఎట్లు తీరునని ఇరుగుపొరుగువారే విచారించి ఇచ్చుచుండిరి.

చూపు మందగించి 1865లో ఉద్యోగము విడిచినను, కుమార్తె చేయూతతో 1888లో మరణించువరకు ఈ పని మానలేదు. 1890లలో నికల్సన్ దొర మదరాసు ప్రభుత్వమునకిచ్చిన నివేదిక ఈ పద్ధతినే మెచ్చెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. మన ఊళ్ల పరపతి సంఘములకు పునాది అదియే.

మన పిల్లలకు వడ్డీ లెక్కలు నేర్పిన చాలదు. చేయి చాపకముందే తీర్చు దారి చూచుకొనవలెననియు, తాము ఎగవేసిన బాకీ పొరుగువాని నెత్తిన పడుననియు నేర్పుదము. ఈ మాసము రోమా 13:8 వారితో కూర్చుండి చదువుకొందము.